గోలెంలో తేట నీళ్ళు

వికారాబాద్,
సోమవారం.

ప్రియమైన అమ్మకు,

నీ చిన్న బిడ్డ నాగరాణి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నామని మొదటి వరుసలో లేకపోతే నువ్వు రెండో వరుసకు రావని తెలుసు, అందుకని ముందు ఆ మాట రాసేశాను. నువ్వు, సింధుజక్క, బావ, ఇంకా పేరు పెట్టని ఆ చంటిది పుణెలో చల్లగా ఉన్నారని తలుస్తాను. లారీ దేవప్ప రేపు బండల లోడుతో అటే బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను. పోయినసారి నీ ఉత్తరం తెచ్చినప్పుడు, "బాలింత బిడ్డనో తల్లినో తెలుస్తలేదమ్మా, అవ్వ గట్ల తింటున్నది" అని నవ్వాడు. నాకూ చాలా రోజులకు నవ్వు వచ్చింది.

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. ఫోన్‌లో నీకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం అక్క తనకు తోచింది అల్లి నీ చెవిలో అరుస్తుంది. ఈసారి నేను చెప్పేది అక్క నోటి మీదుగా నీకు చేరకూడదు. పచ్చి బాలింత, భయపడుతుంది. నువ్వే చదువుకో. రాత్రి బడిలో నేర్చుకున్న చదువు తుప్పు పట్టకుండా ఉంటుంది. అందుకే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. రేకులు లేవకుండా నాయిన వాటి మీద బండలు పెట్టాడు. మొన్నటి గాలివానకు ఒక్క రేకూ కదలలేదు. నేను వేళకు తింటున్నాను. పొద్దున రైలుకు యూనివర్సిటీకి పోయి, సాయంత్రం రైలుకు గదికి వస్తున్నాను. శనివారం తాండూరు రైలెక్కి ఊరికి పోతున్నాను. పెళ్ళి మాట మళ్ళీ ఎత్తావు. దానికి జవాబు పోయిన ఉత్తరంలోదే, మారలేదు. బొల్లి గొర్రె ఈనిందా అని అడిగావు. దాని సంగతి కింద రాస్తాను.

ఇంకోటి అడిగావు. "నువ్వు చేసే పొడి పాలల్ల ఏసే తోడు లెక్కనా?" అని. అమ్మా, ఆ మాట చదివి ల్యాబులో మా అరుణాదేవి మేడంకు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "మీ అమ్మగారు సగం సరిగ్గా పట్టుకున్నారు" అంది. మిగతా సగం నేను చెబుతాను. తాండూరు పాలిషింగ్ యూనిట్ల దగ్గర కుప్పలుగా పడి ఉండే బండల పొడి తెచ్చి, తంగేడు ఆకు కషాయంలో వెండి మందు కలిపి, ఆ పొడికి పట్టిస్తాను. వెండి కంటికి ఆనని రేణువులై ఆ పొడికి అంటుకుంటుంది. మన ఊరి పక్క కంపెనీ నుంచి వచ్చే పసుపుపచ్చ నీళ్ళలో ఒక తెల్ల మందు కలిపి, దాంట్లో ఈ పొడి వేస్తే, చూస్తుండగానే రంగు విరుగుతుంది. తోడు పెరుగులో కలిసిపోతుంది. నా వెండి అట్లా కలవదు. పని చేయించి పక్కకు నిలబడుతుంది, వడగట్టుకుని మళ్ళీ వాడుకోవచ్చు. తేడా అంతే.

కానీ నువ్వన్న దాంట్లో నీకు తెలియకుండానే అసలు మాట ఉంది. పాలు తోడుకుంటే పాలు మాయం కావు, పెరుగు అవుతాయి. అట్లాగే ఆ పసుపుపచ్చ విషం ఎక్కడికీ పోలేదు. రంగు లేని ఇంకోటి అయింది. దాని పేరు రాస్తే నువ్వు తిట్టనుకుంటావు. అది కూడా మంచిది కాదు. దాన్ని నీళ్ళలోంచి తీసేయడానికి రెండో పని ఒకటి చేయాలి. మా ల్యాబులో ఆ రెండో పని కూడా చేస్తాం. ల్యాబులో.

నీకు రంగు అంటేనే అనుమానం. కొత్త చీర మూడుసార్లు ఉతికితే గాని కట్టవు. నా చిన్నప్పుడు జాతరలో నాయిన నాకు ఎర్ర ఐసు కొనిస్తే, నోటి దాకా పోయినదాన్ని నా చేతి మీద కొట్టి కింద పడేశావు. "గింత ఎర్రగున్నది కడుపులకు పోతే పేగులు ఏం గావాలె" అన్నావు. నేను జాతరంతా వినేలా ఏడ్చాను. నాయిన ఇల్లు చేరేదాకా నీతో మాట్లాడలేదు. ఈ మధ్య ఆ ఐసు నాకు బాగా గుర్తుకు వస్తోంది.

కంపెనీ పక్కన ఒర్రెలో ఆ పసుపుపచ్చ నీళ్ళు పారినంత కాలం మన ఊరి గొర్లకాపరులు ఒక్కరూ మందను అటు పోనివ్వలేదు, నీకు తెలుసు. నువ్వు పుణె పోయిన తర్వాత కంపెనీవాళ్ళు మా పొడి సంగతి విని మేడం దగ్గరికి వచ్చారు. మన ఊరి నీళ్ళే కదా అని నేను ఎగిరి గంతేశాను. పెద్ద ట్యాంకు పెట్టారు, పొడి వేశారు, రంగు పోయింది. రోడ్డు పక్కన సిమెంటు గోలెం కట్టి, దాంట్లోకి ఆ నీళ్ళు పైపుతో వదిలి, పశువులు తాగడానికని బోర్డు పెట్టారు. కొబ్బరికాయ నాయిన చేతనే కొట్టించారు. ఆ రోజు తీసిన ఫోటో నీకు పంపాను, నాయిన కొత్త రుమాలు చుట్టుకుని నిలబడ్డాడు చూడు, అదే. ఆ ఫోటోలో నేను కూడా పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. రెండో పని వచ్చే నెలలో మొదలుపెడతామని చెబితే నమ్మాను.

వచ్చే నెల ఇంకా రాలేదు. మేడం అడిగితే కంపెనీ మేనేజరు, "రంగు పోయింది కదా మేడం, వాసన లేదు, ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు, తొందరేముంది" అన్నాడట. మేడం పై ఆఫీసులకు రాసింది. వాళ్ళు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. వాళ్ళు చూసేవన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను భయపడుతున్నదాన్ని వెతికే పరీక్ష వాళ్ళ దగ్గర లేదు. ఎవరినని తిట్టను చెప్పు.

నేను నాయినకు మొదటి వారమే చెప్పాను. చెప్పలేదనుకోకు. అరుగు మీద కూర్చోబెట్టి, "నాయినా, ఆ నీళ్ళు గొర్లకు తాపొద్దు. తేటగున్నయి గని మంచియి గావు" అన్నాను.

"తేట నీళ్ళు మంచియి గాకపోతే ఇగ ఏ నీళ్ళు మంచియే?" అన్నాడు.

"రంగే పోయింది. మందు ఇంకా అండ్లనే ఉన్నది."

నాయిన నన్ను జాలిగా చూశాడు. "నువ్వు గిట్లనే అంటవ్ బిడ్డా. పదిల ఫస్టొచ్చినా తప్పువోయిన అనే ఏడిస్తివి. నీ పని మీద నీకే నమ్మకం ఉండదు. నేను కండ్లార జూసిన. పచ్చగున్నయి, తెల్లగైనయి. నా బిడ్డ చేసింది." కొబ్బరికాయ కొట్టిన రోజు గాజు గ్లాసులో పచ్చ నీళ్ళు పోసి, పొడి వేసి, తేటగా చేసి ఊరందరికీ చూపించింది నేనే. అంత బాగా చూపించాను కాబట్టే ఇప్పుడు నా మాట ఎవరూ నమ్మడం లేదు.

ఎండలు ముదిరి కుంట అడుగంటింది. గొర్రెలన్నీ గోలెం దగ్గరికే పోతున్నాయి. ఇప్పుడు బొల్లి గొర్రె సంగతి. అది ఈనలేదమ్మా, కడుపు పోయింది. దాని వెనకే ఇంకో రెండు కూడా అట్లాగే ఈసుకపోయాయి. పశువుల డాక్టరు చూసి ఎండ కావచ్చు, రోగం కావచ్చు అన్నాడు. కావచ్చు. నీళ్ళ వల్లనే అని నేను కూడా రుజువు చేయలేను. నా చదువు ఇంతవరకే వచ్చింది. నీ బొల్లి గొర్రె రెండు రోజులు అరుస్తూ తిరిగింది. నాయిన దాని పక్కనే పడుకున్నాడు.

అప్పుడు నేను ఒక పని చేశాను. చదివి నవ్వినా సరే, తిట్టినా సరే. రంగు పోవడం వల్లనే కదా మందలు అటు పోతున్నాయి, ఆ రంగేదో నేనే మళ్ళీ తెచ్చి పెడదాం అనుకున్నాను. తాండూరు గంజ్‌లో సంచెడు పసుపు కొన్నాను. దుకాణపాయన, "ఎవరి పెండ్లమ్మా?" అన్నాడు. నాదే అన్నాను. మిట్టమధ్యాహ్నం, మందలన్నీ చెట్ల నీడకు చేరిన వేళ, ముఖానికి కొంగు కప్పుకుని పోయి ఆ పసుపంతా గోలెంలో కుమ్మరించాను. నీళ్ళు మళ్ళీ పచ్చగా కనబడితే పొడి పనిచేయడం మానేసిందని అనుకుంటారు, నన్ను నాలుగు మాటలంటారు, అనుకోనీ, గొర్రెలు బతుకుతాయి. ఇదీ నా లెక్క.

అమ్మా, నీళ్ళు పచ్చగా కాలేదు. ఎర్రగా అయ్యాయి. కంపెనీవాళ్ళు కలిపే తెల్ల మందుకు సున్నం గుణం ఉంది. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఆడపిల్లకూ తెలుసు. ఇన్నేళ్ళు రసాయనాలు చదివిన నీ బిడ్డకు మాత్రం ఆ క్షణాన గుర్తుకు రాలేదు. గోలెం నిండా దిష్టి తీసిన ఎర్రనీళ్ళలా నిగనిగలాడుతుంటే, ఖాళీ సంచి చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను.

ఊరు ఊరంతా భయపడింది. అంత పెద్ద గోలెం నిండా దిష్టి నీళ్ళు ఎవరు పోసి ఉంటారని ఒకటే మాట. తొక్కితే అంటుకుంటుందని ఆ దారినే మానేశారు. మందలను ఎండలో అంత దూరం నడిపించి రైతుల బోర్ల దగ్గర బతిమాలి తాపుకొచ్చారు. నేను ఇన్నాళ్ళు మొత్తుకున్నా జరగనిది ఆ ఎర్రనీళ్ళతో జరిగింది. సిగ్గుపడ్డాను, నిజమే. సంతోషించాను కూడా. ఒక వారం హాయిగా నిద్రపోయాను.

నాయిన మాత్రం తిండి మానేశాడు. "ఊరి కండ్లన్నీ నా బిడ్డ మీదనే పడ్డయి. ఎవ్వడో ఓర్వలేక చేసిండు" అని నా తల చుట్టూ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాడు. ఆ ఘాటుకు దగ్గుతూ, "నాయినా, అది నేనే" అనబోయాను. ఆయన కళ్ళు చూసి ఆగిపోయాను. చెబితే నమ్మడు, నమ్మితే తట్టుకోడు.

నిన్న ఆదివారం పొద్దున నాయిన పూజలు చేసే కిష్టయ్యను పిలుచుకొచ్చాడు. నేను ఊళ్ళోనే ఉన్నాను. గంప నిండా నిమ్మకాయలు తెప్పించారు. గోలెం చుట్టూ ఊరంతా నిలబడింది. కిష్టయ్య ఒక్కొక్క కాయ కోసి పిండుతూ నీళ్ళలో వేస్తున్నాడు. ఏం జరగబోతుందో నాకప్పుడే తెలిసిపోయింది. నిమ్మరసానికి సున్నం గుణం విరుగుతుంది. కాయ పడిన చోటల్లా ఎరుపు విరిగి పసుపు తేలింది. ఆడవాళ్ళు చేతులెత్తి మొక్కారు. "సల్లబడ్డది, తల్లి సల్లబడ్డది" అన్నాడు కిష్టయ్య. నీళ్ళన్నీ వదిలేసి, గోలెం కడిగి, పైపు తిప్పారు. మళ్ళీ అవే తేట నీళ్ళు వచ్చి నిండాయి. కంపెనీ ఒకసారి గెలిస్తే, నా చదువే నన్ను రెండుసార్లు ఓడించింది.

ఇక్కడి దాకా చదివావు కదా, ఇప్పుడు కూర్చో. అక్క దగ్గర కాదు, బయటికి పోయి కూర్చో.

నాయిన కూడా ఆ నీళ్ళు తాగుతున్నాడమ్మా. కొబ్బరికాయ కొట్టిన రోజు నుంచీ తాగుతున్నాడు. మందను వదిలే ముందు దోసిలి నిండా పట్టుకుని, నా బిడ్డ నీళ్ళు అని తాగి గాని గొర్రెలను తాగనివ్వడట. నాకు ఈ మధ్యే తెలిసింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. అడిగితే నేరేడు పండ్లు తిన్నానన్నాడు. నేరేడు పండ్లు ఇంకా రాలేదు. కుంట కట్ట ఎక్కితే ఆయాసపడి మధ్యలో కూర్చుంటున్నాడు. తాండూరు దవాఖానకు పోదాం రమ్మని కాళ్ళు పట్టుకున్నాను. ఏమన్నాడో తెలుసా? "డాకటరు నీళ్ళతోని అంటడు. ఊరందరికి తెలుస్తది. నీ పేరు కరాబైతది. నాకేం గాలే, ఊకో." అంటే లోపల ఎక్కడో ఆయనకు అనుమానం ఉంది. ఉన్నా పోడు. నా పేరు కోసం పోడు.

ఇంకొకటి ఉంది. దాన్ని రాయడానికే ఇంత రాశాను.

నిన్న గోలెం నిండాక కూడా ఒక్క కాపరీ మందను ముందుకు తోలలేదు. భయం ఇంకా పోలేదు. అప్పుడు కిష్టయ్య, "నీళ్ళు చేసినామె ఉన్నదిగదా, ఆమె తాగాలె ముందుగాల. ఆమె తాగితే అందరం తాపుతం" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నాకు వెలుగు వచ్చినట్టయింది. నేను తాగనంటే చాలు. చేసినదే తాగడం లేదంటే ఇక ఊళ్ళో ఎవరూ తాగరు, ఏ గొర్రెనూ తాగనివ్వరు. నేను ఇన్నాళ్ళు నోరు నొప్పి పుట్టేలా చెప్పినదంతా ఒక్క 'ఉహూఁ'తో తేలిపోతుంది.

నాయిన గోలెంలో చేతులు ముంచాడు. దోసిలి నిండా నీళ్ళు పట్టి నా నోటి దగ్గరికి తెచ్చాడు. ఆ నీలం గోళ్ళు నా కళ్ళ ముందే ఉన్నాయి. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. "తాగు బిడ్డా. నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది" అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా. మొహం నిండా నవ్వు. కొబ్బరికాయ కొట్టిన రోజు నవ్విన నవ్వే. ఇంకొంచెం సేపు ఊరికే నిలబడినా నీళ్ళన్నీ కారిపోయేవి. నిలబడలేకపోయాను.

నేను తాగాను అమ్మా.

ఏ రుచీ లేదు. చల్లగా ఉన్నాయి. నాయిన తడి చేతులు నా తల మీద తుడిచి, వెనక్కి తిరిగి, "తోలుండ్రి" అని కేక వేశాడు. మందలన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. నేను ఆ గొర్రెల మధ్య ఇరుక్కుని, బయటికి రావడానికి దారి లేక, అవి తాగడం అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. బొల్లి గొర్రె నా మోకాలికి ఆనుకుని తాగింది.

ఒక్క దోసిలికి నాకేమీ కాదు, నువ్వు ఆ ఫికర్ పెట్టుకోకు. నాకు తెలుసు, అది నా పనే. కానీ ఇక నేను ఏం చెప్పినా ఎవరు వింటారు? ఇవాళ మేడంతో చెబితే ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, "నేను ఇంకో ఉత్తరం రాస్తాను" అంది. ఎవరికి రాస్తుందో నేను అడగలేదు, ఆవిడకూ తెలిసినట్టు లేదు.

దేవప్ప లారీ పుణెలో సరుకు దింపి వెంటనే తిరిగి వస్తుంది. ముందు సీటు ఖాళీగా ఉంటుందట. అక్కకు పచ్చి ఒళ్ళు, నిన్ను విడిచి ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఏం చెప్పి వస్తావో కూడా తెలియదు. కానీ నువ్వు రావాలి. నువ్వు చదువుకున్న మాటలేమీ చెప్పనక్కర లేదు, నీళ్ళలో ఏముందో నీకు తెలియనక్కర లేదు. పొద్దున్నే గోలెం దగ్గరికి పోయి నాయిన పక్కన నిలబడు చాలు. ఆనాడు ఐసు ఎర్రగా ఉందని కొట్టావు. ఈ నీళ్ళకు ఏ రంగూ లేదు. అయినా ఆయన దోసిలి మీద కొట్టమ్మా. నాకు చెయ్యి లేవలేదు.

ఇట్లు,
నాయిన దోసిట్లో నీళ్ళు తాగిన నీ చిన్న బిడ్డ,
నాగరాణి.